కాశీబుగ్గ గేటు దగ్గర

పరిగెడుతున్నంతసేపు నా అంబాసిడర్‌కి జొరం రాదు.
కవిటి దాటి, కంచిలి దాటి, హైవే మీద
ఎదురుగాలి దాని గుండెల్లో దూరిపోతుంటే
టెంపరేచర్ ముల్లు మధ్యలోనే కునుకు తీస్తాది.
ఆపితేనే ఆపద.

కాశీబుగ్గ గేటు పడిందంటే
బొగ్గు గూడ్సొకటి, దాని వెనకాల ఇంకొకటి.
ఇంజను నెమ్మదిగా గురకపెడతాది,
బెల్టుకి కట్టేసిన ఫ్యానూ నెమ్మదిస్తాది,
దొర కునికితే తనూ కునికే పంకా కుర్రాడిలాగ.
ముల్లు ఎరుపులోకి పాకుతాది.
బానెట్టెత్తి, తడిపిన గోనెపట్టా మూతమీదేసి తిప్పి,
బుస్సుమని పొగంతా పోయాక
రెండు లీటర్ల సీసా వంపుతాను.
గడగడా తాగుతాది, సిగ్గు లేకండా.

వెనక సీట్లో బల్లెడ తులసయ్య.
మంగళ, గురు, శని, పలాస ఆస్పత్రిలో
నాలుగేసి గంటలు ఆయన రక్తం బయట తిరిగొస్తాది.
రోజు మొత్తానికి మూడు గ్లాసుల నీళ్లు,
కూరలో పులుసుతో కలిపి లెక్క.
నలభయ్యేళ్లు కొబ్బరిచెట్లెక్కినోడు,
ఇప్పుడు ఒక్క బొండాం ముట్టడానికి లేదు.
ఐసుముక్క బుగ్గన పెట్టుకుని
కరక్కండా దాచాలని చూస్తాడు.
కిటికీలోంచి మెడ సాచి, నా చేతిలో సీసా చూసి
"దీని డాట్రు ఎవులు బాబూ,
మంచోడిలాగున్నాడు" అన్నాడొకపాలి.
నవ్వు రాలేదు నాకు.

ఆ ఆదివారం ఢిల్లేశ్వర్రావు షెడ్డుకి పోయాను.
"నీళ్లడక్కండా బతికే ఏర్పాటేదో చెయ్యి" అన్నాను.
బెల్టు ఫ్యాను ఇప్పేశాడు. నాలుగు రెక్కలు, ఒకటి ముందే వంకర.
తుక్కులో పడున్న మారుతీ వ్యాను మొహంలోంచి
కరెంటు ఫ్యాను పీకాడు.
గాలి పక్కలకి పోకుండా చుట్టూ రేకు కావాలి.
పది కిలోల జీడిపప్పు డబ్బా కత్తిరించి వంచాడు;
కత్తెర జారి బొటనవేలు తెగింది,
తిట్లు మాత్రం నాకు.
రేడియేటర్ అడుగున వేడి తెలిసే స్విచ్చి,
దానికో రిలే, దానికో ఫ్యూజు,
బ్యాటరీ నుంచి సూటిగా ఓ ఎర్రతీగ.
మొదటిసారి తిప్పితే గాలి ఎదురుతన్ని
పదేళ్ల దుమ్ము మా మొహాల మీదికొచ్చింది.
"తీగెలు తిరగబడ్డాయి" అని మార్చి కలిపాడు.
అప్పుడు గ్రిల్లుకి నిన్నటి పేపరొకటి ఆన్చి
చెయ్యి తీసేశాడు.
పేపరు పడలేదు.
రొప్పుతూ, అంటుకుని, అలాగే నిలబడిపోయింది.
మూడువేల రెండొందలు. అందులో వెయ్యి అప్పు.

మంగళవారం. గేటు.
గూడ్సు, దాని వెనకాల ప్యాసింజరు.
ముల్లు కాస్త పైకి పాకింది.
లోపలెక్కడో టిక్కుమంది.
హోరుమని లేచింది గాలి,
ఎవులూ పిలవకండా, ఇంజనుతో పని లేకండా.
ముల్లు వెనక్కి తగ్గింది.
గర్వంగా అద్దంలోకి చూశాను.

తులసయ్య మెడ కిటికీ బయటే ఉంది.
"ఏటి బాబూ, ఇవాల నీల్లు పొయ్యవేటి?"
"అక్కర్లేదు తాతా, ఫ్యాను మార్పించాను."
"అలాగా" అన్నాడు.
ప్యాసింజరు ఆఖరి పెట్టె కూడా పోయాక
"ఆ సప్పుడు బాగుండీది" అన్నాడు.

ఆస్పత్రి ముందు తాళం తీశాక కూడా
కాసేపు తిరిగిందా ఫ్యాను.
ఆయన్ని లోపలికి తీసుకుపోయే కుర్రాడు
"ఆపడం మర్సిపోనావేటి?" అన్నాడు.
నేనేం చెప్పలేదు.

గురువారం సీసా మళ్లీ నింపుకొచ్చాను.
గేటు పడింది. బానెట్టెత్తలేదు.
దిగి, ముందద్దం పైనుంచి వంపాను,
తొందర లేకండా.
తోటదారి ఎర్రదుమ్ము చారలు కట్టి జారింది.
లోపల్నుంచి తులసయ్య
అద్దానికవతల పోతున్న నీళ్లని
ఆఖరి చుక్కదాకా చూశాడు.
నేనొచ్చి కూచుని మీట మీద చెయ్యేశాను.

"వైపరు వెయ్యకు బాబూ" అన్నాడు.